తంత్రీసార్వభౌములకు సన్మానపత్రం

వరాహ నదీ తీరాన, మన్యపు కొండల గుమ్మంలో వెలసిన ఈ నర్సీపట్నంలో పుట్టి, ఇక్కడే చదివి, ఇక్కడే ఇల్లు కట్టి, ఆ ఇంటి ముందుగదిలో అయిదు స్పీకర్లనూ ఒక సబ్‌వూఫర్‌నూ ప్రతిష్ఠించి, వాటిని కలిపే తీగ కోసం మాత్రం ముల్లోకాలూ గాలించిన శ్రవణచక్రవర్తీ! రాష్ట్ర శాసనసభకు 2024లో స్పీకర్‌ను అందించిన నియోజకవర్గం మనది. స్పీకర్ల విషయంలో ఈ ఊరికి లోటు లేదని లోకానికి అప్పుడే తెలిసింది; తీగల విషయంలోనూ లేదని తమ వల్ల తెలిసింది. అందుకే వీధివాళ్లమంతా తలా కొంత వేసుకుని ఒక శాలువా, ఒక జ్ఞాపిక, వాటితోపాటు ఈ పత్రం తమ పాదసన్నిధిని సమర్పించుకుంటున్నాం.

ముందుగా తమ వివేచనా క్రమాన్ని కొనియాడాలి. పాట పుట్టేది స్పీకర్లోనే గనుక స్పీకర్లను విని ఎంచుకోవాలని పామరులు అనుకుంటారు. తమరు వాటి రంగు షోకేసు చెక్కతో కలుస్తుందో లేదో చూసి, బయట ఆటోవాడు రెండోసారి హారన్ కొట్టేలోపే కొనేశారు. ఆంప్లిఫయర్‌కు అంత సమయం కూడా పట్టలేదు. పెట్టె మీద పదివేల వాట్లు పీఎంపీఓ అని అరచేయంత అక్షరాలతో రాసి ఉంది మరి! వెనుకవైపు చిన్న అక్షరాల్లో ఆర్ఎంఎస్ అనే పేరుతో కొన్ని పదుల వాట్లే ఉంటాయని, అసలు లెక్క అదేనని సణిగే అల్పబుద్ధులు ప్రతి వీధిలోనూ ఉంటారు. గోడకున్న 6 ఆంపియర్ల సాకెట్టు 230 వోల్టుల దగ్గర 1,380 వాట్లకు మించి ఇవ్వదన్నది వారి కుతర్కం. ఆ 1,380లోంచి పదివేలు పిండగల యంత్రాన్ని ఒక్క చూపులో గుర్తుపట్టారు తమరు. ఆ సాయంత్రం శక్తి నిత్యత్వ సూత్రం తమ గుమ్మం బయట చెప్పులు విడిచి, చేతులు కట్టుకుని నిలబడింది.

ఈ చిల్లర పనులు ఒక పూటలో ముగిశాక అసలు తపస్సు మొదలైంది. నెలల తరబడి తమరు తీగ తప్ప మరో మాట మాట్లాడలేదు. పెళ్లి భోజనాల బంతిలో ఆక్సిజన్ లేని రాగి గురించి, పెద్దకర్మ భోజనాల్లో మైనస్ 196 డిగ్రీల ద్రవ నైట్రోజన్‌లో ముంచి తీసిన తీగ గురించి, అబీద్ సెంటర్‌లో బస్సు కోసం నిలబడ్డ అపరిచితులకు అల్లికల జ్యామితి గురించి తమరు చేసిన ప్రబోధాల వల్ల ఎందరో సమయానికి ముందే బస్సెక్కేశారు. ఆర్టీసీ వారికి తమరు చేసిన ఈ సేవను ఎవరూ గుర్తించకపోవడం విచారకరం.

లోహతత్త్వవిశారదా! గిట్టనివాళ్లు జార్జ్ ఓం అనే జర్మన్ లెక్కల మాస్టారిని తమ మీదికి తోలారు. ఆయన 1827లో ఒక పుస్తకం అచ్చువేసి, తీగల మహిమనంతా భాగహారంలోకి దించి చిన్నబుచ్చాడు. ఒక చదరపు మిల్లీమీటరు అడ్డుకోత ఉన్న రాగి తీగ మీటరుకు సుమారు 0.017 ఓముల నిరోధం చూపుతుందట. ఆంప్లిఫయర్ నుంచి తమ ముందు స్పీకరు మూడు మీటర్లు. పోనూరానూ ఆరు మీటర్లు. వెరసి ఓములో పదో వంతు. స్పీకరేమో 8 ఓములు. కాబట్టి హార్డ్‌వేర్ కొట్లో మీటరు కర్రతో కొలిచి కోసిచ్చే మామూలు తీగ వేసినా దారిలో పోయేది డెసిబెల్‌లో పదో వంతేనట. ఒక డెసిబెల్ తేడాకే మామూలు చెవి ఔనో కాదో తేల్చుకోలేక తటపటాయిస్తుందట. ఇటువంటి లెక్కలకు దిగజారని మనసు తమది. నిరోధం ఎంత అని తమరు ఎన్నడూ అడగలేదు, "ఫీలింగు ఎలా ఉంటుంది?" అని మాత్రమే అడిగారు. హైదరాబాదు దుకాణదారు కళ్లు మూసుకుని, కాసేపాగి, "వెల్వెట్టండీ" అన్నాడు. అంతకు మించిన కొలమానం ఏ ప్రయోగశాలలో ఉంది!

ఇంకొందరు అంతకన్నా నీచానికి ఒడిగట్టారు. స్పీకరు విప్పి చూపిస్తామన్నారు. లోపల కాగితపు శంఖువుకు అతికించిన వాయిస్ కాయిల్ ఉంటుందని, అది వెంట్రుకతో పోటీపడే సన్నటి తీగ చుట్ట అని, 8 ఓముల స్పీకర్లో దాని ఒక్కదాని నిరోధమే 6 ఓముల దరిదాపుల్లో ఉంటుందని, పాట ఎటూ ఆ సందులో దూరక తప్పదని వారి వాదన. దూరనీయండి! సందులోకి అడుగుపెట్టే ముందు మూడు మీటర్ల దూరం దానికి బొటనవేలంత లావు రాజమార్గం వేసి, పల్లకీలో ఊరేగించిన ఉదారులు తమరు. అతిథి ఇంట్లో చాప మీద పడుకోవలసి వచ్చినా వీధిలో మేళతాళాలు ఉండాలన్న పెద్దల మర్యాద ఈ రోజుల్లో ఎవరికుంది?

తీగ వెండిది. విద్యుత్తును మోయడంలో వెండి రాగికన్నా అయిదారు శాతం మెరుగు అన్నది నిజమే. రాగి తీగను ఆ అయిదారు శాతం లావు చేస్తే సరిపోతుందన్నదీ నిజమేనట. కానీ లావు చేయడం ఎవరికైనా చేతనవును. వెండి కొనడానికే గుండె కావాలి. ఆ వెండి తీగ రెండు కొసలకూ బంగారు పూత పూసిన ప్లగ్గులు తొడిగించారు. బంగారం విద్యుత్తును రాగి అంత బాగా మోయదని, దాని గొప్పదనమంతా తుప్పు పట్టకపోవడంలోనే ఉందని తెలిసిన కంసాలి ఒకాయన నోరు తెరవబోయాడు. వదినగారు ఆయన్ని కాఫీ ఇచ్చి పంపేశారు. ఆవిడ కాసులపేరు గురించి మాట ఎత్తిన ప్రతిసారీ తమరు ఆ ప్లగ్గులవైపు చూపించి, ఇంట్లో బంగారం ఉందని ధైర్యం చెప్పడం దాంపత్య ధర్మానికే వన్నె.

ఆ తీగ మీద బాణం గుర్తు ఉంది. పాట ఎటునుంచి ఎటు పారాలో అది చెబుతుంది. ఆంప్లిఫయర్ నుంచి వచ్చేది ముందుకూ వెనక్కూ ఊగే విద్యుత్తని, వెయ్యి హెర్ట్జుల స్వరమైతే సెకనుకు వెయ్యిసార్లు వెళ్లి వెయ్యిసార్లు తిరిగొస్తుందని, ఏక దిశ మార్గం అక్కడ చెల్లదని పాలిటెక్నిక్ కుర్రాడు ఒకడు ఎగిరాడు. వాడికేం తెలుసు? ఊరి చివర బలిఘట్టంలో మన వరాహ నది ఉత్తరవాహినిగా మలుపు తిరిగినందుకే ఆ నీళ్లకు అంత పుణ్యం. దిక్కు విలువ తెలిసిన ఊరిలో పుట్టిన తమరు తీగను కూడా ఉత్తరాభిముఖంగా పరిచి, దాని కింద పింగాణీ దిమ్మెలు పెట్టి, నేలకు తగలకుండా పైకెత్తారు. తీగ తొక్కారన్న నేరానికి పిల్లలకు ముందుగది ప్రవేశం నిషేధించారు. తరువాత పెద్దలకూ నిషేధించారు. ఇప్పుడు ఆ గదిలో పాట వినడానికి తమరు తప్ప మరెవరూ లేకపోవడం వల్ల శబ్దానికి ఎంతో స్వచ్ఛత వచ్చిందని తమరే సెలవిచ్చారు.

కొత్త తీగ రెండు వందల గంటలు మోగితే గాని పక్వానికి రాదని దుకాణదారు చెప్పాడు. అది సరిగ్గా వాపసు గడువు దాటే సమయానికి పూర్తయ్యే దీక్ష కావడం దైవసంకల్పం. పగలూ రాత్రీ ఒకే పాట మోగింది. పక్కింటి పదో తరగతి పిల్లవాడు ఆ పాటను ఇంటరుకు వచ్చినా మరచిపోలేదు. విద్యాదానం అంటే అదీ.

ఇక తమ త్యాగబుద్ధి. ముందు స్పీకర్లకు వెండి వేశాక వెనుక స్పీకర్లకు డబ్బు మిగలలేదు. సరిగ్గా అప్పుడే ఒక సంచారి విక్రేత ఎరుపు నలుపు జంట వైరు చుట్ట సగం ధరకు ఇచ్చి వెళ్లాడు. పైన కాపర్ అని పెద్దగా, పక్కన సీసీఏ అని చిన్నగా ఉంది. అల్యూమినియం పోగుకు రాగి పూత పూస్తే దాన్ని అలా అంటారని, అల్యూమినియం రాగిలో 61 శాతమే విద్యుత్తును మోస్తుందని, బరువు మూడో వంతు కూడా ఉండదని, చాకు మొనతో ఒక పోగు గీకితే తెల్లటి ఒళ్లు బయటపడుతుందని తెలిసినవాళ్లు తెలిసినట్టు చెప్పారు. పరాయి వస్తువు ఒంటి మీది చీర లాగి చూసే సంస్కారం తమది కాదు. మన ఊరి పేరు పెట్టుకున్న నర్సీపట్నం రోడ్డు స్టేషను ఊరికి ఆమడల దూరంలో ఉన్నా ఏనాడూ నొచ్చుకోని వాళ్లం మనం; పేరు ముందు వస్తే చాలు, వస్తువు తరువాత బస్సెక్కి నిదానంగా వస్తుంది.

ఆ అర చదరపు మిల్లీమీటరు తీగను గుమ్మం మీదుగా, అటక అంచున, దేవుడి గది చుట్టూ తిప్పి, నాలుగు చోట్ల చేత్తో మెలిపెట్టి, టేపు చుట్టి, పన్నెండు మీటర్ల అవతల వెనుక స్పీకరు చేర్చారు. పోనూరానూ ఇరవైనాలుగు మీటర్లు. నిరోధం ఒకటింపావు ఓము దాటుతుంది. 6 ఓముల బుల్లి స్పీకరుకు అందవలసిన శక్తిలో ఇంచుమించు మూడో వంతు తగ్గిపోతుంది. దారిదోపిడీ అనే కుసంస్కారులు ఉంటారు, ఉండనీయండి. మూడు మీటర్ల దగ్గర వెండి, పన్నెండు మీటర్ల దగ్గర పూత పూసిన అల్యూమినియం పోగు! దగ్గరివాళ్లను అందలం ఎక్కించి దూరపువాళ్లను గాలికి వదిలే ఈ రాజనీతిని ఎన్ని ప్రభుత్వాలు తమ దగ్గర నేర్చుకున్నాయో చెప్పలేం.

సమదృష్టి విషయంలో కూడా తమరిని మించినవారు లేరు. ఎరుపు ఎరుపుకూ నలుపు నలుపుకూ కలపాలన్న వర్ణభేదాన్ని తమరు పాటించలేదు. కుడి స్పీకరుకు ఒకలా, ఎడమదానికి మరోలా బిగించారు. ఒక శంఖువు ముందుకు తోసే వేళకు రెండోది వెనక్కు గుంజుతుంది. మంద్ర స్వరాలు గది మధ్యలో ఒకదాన్నొకటి కౌగిలించుకుని ముక్తి పొందాయి. గాయకుడి గొంతు ఎదురుగా నిలబడక సర్వాంతర్యామి అయి నాలుగు గోడల్లోంచీ వినబడింది. మృదంగం లేని కచేరీ ఎంత సాత్వికమో అప్పుడే తెలిసింది. ఆ లోటు కూడా ఉండకూడదని ఇంకో సబ్‌వూఫర్ తెచ్చారు. రెండు కొసలు తారుమారు చేస్తే తీరిపోయే దానికి అంత పెద్ద పెట్టె కొనడం, దానికోసం దివాన్ కాట్ బయటపడేయడం, దాతృత్వానికి పరాకాష్ఠ.

గది గురించి చెప్పకపోతే పాపం. కింద అద్దంలా మెరిసే గ్రానైటు, ఎదురుగా నిలువెత్తు కిటికీ అద్దం, తెర లేదు, తివాచీ లేదు. చప్పట్లు కొడితే గది మళ్లీ మళ్లీ చప్పట్లు కొడుతుంది. ఎడమ స్పీకరు బీరువా మీద, కుడిది టీపాయ్ కింద, మధ్యది ఫొటోల వెనుక. తీగకు పెట్టిన ఖర్చులో పిసరంతతో ఒక మందపాటి కర్టెన్, ఒక జంపఖానా కొని, స్పీకర్లను చెవి ఎత్తుకు తెచ్చి, గోడకు కాస్త దూరంగా జరిపితే వచ్చే తేడా చెవిటివాడికైనా వినబడుతుందని అసూయాపరులు అంటారు. అందరికీ వినబడే తేడాలో గొప్పేముంది? తమ ఒక్కరికే వినబడే తేడా కోసం ఆస్తి కరిగించడమే రసికత.

ఇంతకీ ఆ పాట ఎక్కడినుంచి వస్తుంది? ఫోన్లోంచి. ఎలా వస్తుంది? బ్లూటూత్‌లో, తీగే లేకుండా, కుదించి నలిపి, గాలిలో. గాలిలో తేలివచ్చిన ఆ పాటకు చివరి మూడు మీటర్లు వెండి తొడుగు తొడిగించిన తమ ఔచిత్యాన్ని వర్ణించడానికి మా దగ్గరున్న విశేషణాలు చాలడం లేదు.

తమరికి ముందు ఈ మార్గంలో నడిచిన మహానుభావులను తలచుకోవడం ధర్మం. 1979లో అమెరికాలో నోయెల్ లీ మాన్‌స్టర్ కేబుల్ సంస్థ పెట్టేదాకా అక్కడి జనం చాలావరకు బల్లదీపం వైర్లతోనే స్పీకర్లు మోగించుకుని, తాము ఆనందంగా ఉన్నామని భ్రమపడ్డారు. ఆ తరువాత కూడా దుష్టులు ఊరుకోలేదు. 1983లో స్టీరియో రివ్యూ పత్రిక ఏ తీగ మోగుతోందో చెప్పకుండా శ్రోతలను కూర్చోబెట్టింది. లావు సరిపోయిన దీపం వైరుకూ ఖరీదైన తీగకూ పాటల్లో తేడా ఉందని వాళ్లు రుజువుగా చెప్పలేకపోయారు. 2007లో జేమ్స్ రాండీ అనే ఇంద్రజాలికుడు, పన్నెండడుగుల జత 7,250 డాలర్లు పలికే తీగను మామూలు తీగ నుంచి విని గుర్తుపట్టినవారికి పది లక్షల డాలర్లు ఇస్తానన్నాడు. ఆ పరీక్ష జరగనేలేదు, డబ్బు ఆయన దగ్గరే ఉండిపోయింది. వీళ్లందరూ చేసిన పొరపాటు ఒక్కటే: ధర చీటీ దాచిపెట్టి వినమన్నారు. ధర ముందు చదివి, తరువాత వినాలన్న శ్రవణశాస్త్ర మూలసూత్రాన్ని తమ దగ్గర శుశ్రూష చేసి నేర్చుకుని ఉంటే వాళ్లకీ వినబడి ఉండేది.

మన ఊరి మైకు సెట్టు అబ్బాయి సంగతి కూడా ఇక్కడే విన్నవించాలి, తమ ఔన్నత్యం పోల్చి చూపడానికి. శివరాత్రి తీర్థానికి వాడు స్తంభం నుంచి చెట్టుకూ, చెట్టు నుంచి డాబాకూ సన్నటి వైరు లాగి, వందల మీటర్ల అవతలి హారన్లలో కూడా పాట మోగిస్తాడు. ఆంప్లిఫయర్ వెనుక 100 వోల్టుల లైనుకు తగిలించి, ప్రతి హారన్ దగ్గరా ఒక చిన్న ట్రాన్స్‌ఫార్మర్ పెడతాడు. వోల్టేజి పెరిగితే అదే శక్తికి కరెంటు తగ్గుతుందని, కరెంటు సగమైతే తీగలో నష్టం నాలుగో వంతవుతుందని వాడికి బడిలో ఎవరూ చెప్పలేదు, చేతికి తెలిసిపోయింది. తీగను కళ్లతో ప్రేమించడం, దాని ఒడ్డున కూర్చుని నిట్టూర్చడం, అతిథులకు చూపించి దాని పుట్టిన దేశం చెప్పడం వంటి సంస్కారాలేవీ పాపం వాడికి అబ్బలేదు. వైరు చుట్టి భుజాన వేసుకుని ఇంకో ఊరి పండక్కి పోతాడు.

తమ అడుగుజాడల్లో నడవలేని మావంటి దరిద్రులు ఎలాగో బతుకుతున్నారు. కొట్లో 40/76 అని అడిగి, అసలు రాగి నలభై పోగులున్నాయో లేదో గీకి చూసుకుని, చదరపు మిల్లీమీటరు దాటిన ఆ మామూలు తీగను దగ్గరి స్పీకర్లకు వేసుకుంటారు. దూరమైతే, స్పీకరు 4 ఓములైతే, 2.5 స్క్వేర్ కొంటారు. ఎరుపు ఎరుపుకే బిగించి, మిగిలిన డబ్బుతో జంపఖానా పరిచి, దాని మీద పిల్లలతో కూర్చుని పాట వింటారు. తీగ గుర్తుకే రాని ఆ అనాగరిక శ్రవణం మా ఖర్మ.

చివరగా ఒక్క మనవి, మహాప్రభూ. తమ ఆంప్లిఫయర్‌కు అన్నం పెట్టే కరెంటు సీలేరు కొండల్లో పుట్టినా, పరవాడ సింహాద్రి బాయిలర్లలో పుట్టినా, టవర్లు దాటి, సబ్‌స్టేషన్లు దాటి, మన వీధి మలుపు తిరిగి తమ మీటరు దాకా వచ్చేది అల్యూమినియం తీగల మీదే. తమంతటి వారి ఇంటికి ఇది తగదు. కాబట్టి తమరు సొంత ఖర్చుతో ఆ లైన్లన్నీ వెండికి మార్పించవలసిందిగా, బాణం గుర్తు తమ ఇంటివైపే ఉండేలా చూడవలసిందిగా ప్రార్థన. పని మొదలుపెట్టడానికి మా ఇంటి ముందున్న స్తంభం అనుకూలంగా ఉంటుంది; దాని మీది జాయింటు కూడా నిరుటి గాలివానకు వదులైంది.